లక్క ప్లేటు మీద రాయబారం

1985లో నేను తెనాలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు, ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే గంగానమ్మపేటలోని మా తెలుగు మాస్టారి ఇంటికి చేరుకోవడం నాకొక వ్రతంలా ఉండేది. ఆయన అప్పటికే పదవీ విరమణ చేశారు. వారి ముందుగదిలో ఒక పక్క కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోను పెట్టె, దాని పక్కనే బొంబాయిలో ఉండే అల్లుడు తెచ్చి ఇచ్చిన హెచ్.ఎం.వి. ఫియెస్టా ప్లేయరు ఉండేవి. గోడవారన చెక్క బీరువాలో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు 78 ఆర్.పి.ఎం. ప్లేట్లు గోధుమరంగు కాగితపు కవర్లలో పుస్తకాల మాదిరిగా నిలువుగా నిలబడి ఉండేవి. ఎక్కువసేపు మోగే పెద్ద ప్లేట్లయిన ఎల్పీలను మాత్రం మాస్టారి భార్య, మా అందరికీ అమ్మగారు, పట్టుచీరల ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచేవారు కనుక, ఇప్పటికీ ఎక్కడైనా కలరా ఉండల వాసన వస్తే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది చీరలు కాదు, బాలమురళీకృష్ణ గారి రామదాసు కీర్తనలు.

అక్కడికి వచ్చేవాళ్ళం అయిదుగురమో ఆరుగురమో ఉండేవాళ్ళం. అందరికీ సంగీతం పిచ్చి ఒకటే అయినా, రికార్డు అన్న వస్తువులో ఒక్కొక్కరికి కనిపించే విలువ వేరుగా ఉండేది. బ్యాంకులో క్యాషియరుగా పనిచేసే ఒకాయన దగ్గర నల్లటి అట్టల నోటుపుస్తకం ఉండేది. తాను కొన్న ప్రతి ప్లేటుకూ కంపెనీ పేరు, లేబులు రంగు, దానిపై అచ్చయిన నంబరు, లేబులుకు చుట్టూ పాట లేని ఖాళీ చోట సన్నగా చెక్కిన అంకెలు కూడా భూతద్దం పెట్టి చూసి అందులో రాసుకునేవారు. రజిస్ట్రీ ఆఫీసు పేరంటానికి వెళ్ళినట్టుంటుంది వీరితో పాట వినడం అని మాస్టారు వేళాకోళం చేసేవారు. అయితే ఒక పాట ఏ సంవత్సరంలో వచ్చింది, అది మొదటి ముద్రణా, తరువాతి కాలపు ముద్రణా అన్న చర్చ వచ్చినప్పుడు ఆ నల్ల పుస్తకమే మాకు సుప్రీంకోర్టు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారి ఇంట నలభై వేలకు పైగా గ్రామఫోను రికార్డులు ఉన్నాయన్న సంగతి నేను మొదటిసారి విన్నది ఆయన నోటనే. దేవుడి గురించి చెప్పినట్టు చెప్పేవారు. ఇప్పటికీ రంగారావు గారి పేరు ఎక్కడైనా కనిపిస్తే, నాకు ముందుగా ఆ క్యాషియరు గారికి ఫోను చేయాలనిపిస్తుంది.

రెండో ఆయనకు బోసు రోడ్డులో రేడియో రిపేరు దుకాణం ఉండేది. ఆయన పాట వినేవారు కాదు, ధ్వని వినేవారు. ఎంత గొప్ప గాయకుడి రికార్డయినా తబలా ఒక మూలకు పడిపోయి, వయొలిను రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటే పెదవి విరిచేసేవారు. పాతకాలపు ఏకధ్వని రికార్డును రెండు స్పీకర్లకు సాగదీసి స్టీరియో అని రాసి అమ్మడాన్ని ఆయన పాలలో నీళ్ళు కలపడంతో సమానంగా చూసేవారు. టేపురికార్డరు హెడ్డును స్పిరిటు దూదితో తుడవడం, క్యాసెట్టు ధ్వని మందంగా ఉంటే చిన్న మర సన్నగా తిప్పి పదును తేవడం, చుట్టుకుపోయిన టేపును పెన్సిలు దూర్చి వెనక్కి లాగడం నాకు ఆయనే నేర్పారు. ఆ మొదటి విద్య నన్ను ఎంతటి పనికి పురిగొల్పిందో తరువాత చెబుతాను.

అమ్మగారి పద్ధతి వీరిద్దరికీ నచ్చేది కాదు. ఆవిడ రికార్డు పెట్టేది పాట నేర్చుకోవడానికి. ఒక చరణం వినడం, ముల్లు ఎత్తడం, నోటుపుస్తకంలో సాహిత్యం రాసుకోవడం, మళ్ళీ అదే చోట ముల్లు దించడం, సంగతి పట్టుబడేదాకా ఇదే. బాలాజీ పంచరత్నమాల ఎల్పీలు వచ్చిన కొత్తలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి అన్నమయ్య కీర్తనలను ఆవిడ ఆ విధంగానే ఒక్కొక్కటిగా ఇంటికి తెచ్చుకున్నారు. శ్రావణ మంగళవారపు పేరంటాల్లో పాడారు, పక్కింటి పిల్లలకు నేర్పారు. ఆ ప్లేట్ల మీద ఆవిడ నేర్చుకున్న చోటల్లా సన్నటి గీతలు పడి, ముల్లు అక్కడికి రాగానే చిటపటమనేది. క్యాషియరు గారు ఆ చప్పుడు విన్నప్పుడల్లా పంటినొప్పి వచ్చినవాడిలా ముఖం పెట్టేవారు. ఒకసారి ఉండబట్టలేక, "అమ్మా, ఇటువంటి ప్లేటు మళ్ళీ దొరకదండీ" అన్నారు. "దొరక్కపోతే నా దగ్గర నేర్చుకోండి, నాయనా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఇక నా సంగతి. నా దగ్గర ప్లేట్లు కొనే డబ్బు లేదు. మా తరం సంగీతాభిమానులలో చాలామందికి మాదిరిగానే నాకు కూడా సంగీతం అంటే క్యాసెట్టే. ఊళ్ళో ఒక దుకాణంలో కావలసిన పాటల పట్టిక తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, ఖాళీ క్యాసెట్టు కొని పెడితే, వారం తరువాత ఎల్పీల నుంచి ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక వైపు అరగంట. దుకాణదారుకు లెక్క తప్పితే చివరి పాట రెండో చరణం మధ్యలో టక్కున తెగిపోయేది. ఆ తెగిన పాటలు నాకు ఎంతగా అలవాటైపోయాయంటే, కొన్నింటికి తరువాతి చరణం ఉందని నాకు ఉద్యోగం వచ్చాక కాని తెలియలేదు. శంకరాభరణం 1980లో వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. టేపు సాగి, మహదేవన్ గారి బాణీలు చివరికి అరశ్రుతి దిగి వినిపించేవి.

ఆ సంవత్సరం ఎండాకాలంలో మాస్టారు నాకు ఒక పని అప్పగించారు. బీరువాలోని 78 ప్లేట్లకు దుమ్ము, తడి తగిలి మచ్చలు పడుతున్నాయి, వాటిని మెత్తటి బట్టతో తుడిచి కొత్త కవర్లలో పెట్టమన్నారు. నేను బట్టతో ఊరుకోలేదు. టేపు హెడ్డు మీద అంత మురికిని ఒక్క తుడుపుతో వదిలించే స్పిరిటు ప్లేటు మీద ఇంకెంత బాగా పనిచేస్తుందోనని, దూది తడిపి ఒక ప్లేటు మీద గుండ్రంగా రుద్దాను. దూది నల్లబడింది. మురికి వదులుతోందని సంబరపడి మరింత గట్టిగా రుద్దాను. అది మురికి కాదు, ప్లేటే. ఆ కాలపు ప్లేట్లు చేసింది లక్కతో. మన అడవుల్లో చెట్లకొమ్మల మీద పురుగులు పెట్టే లక్కను శుద్ధి చేసి, రాతిపొడి, మసి కలిపి అచ్చు వేసేవారు. లక్క స్పిరిటులో కరుగుతుందన్న సంగతి వడ్రంగి పనివారికి కూడా తెలుసు, బీరువాలకు పాలిషు పెట్టేది ఆ ద్రవంతోనే కదా. బి.కాం. చదివే నాకు తెలియలేదు. ముల్లు దించితే, వాన పడుతున్న రేకుల కప్పు కింద ఎవరో ఎక్కడో దూరంగా హార్మోనియం వాయిస్తున్నట్టు వినిపించింది, అంతే.

అది తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాల ప్లేటు. 'జెండాపై కపిరాజు' ఉన్న వైపే నేను రుద్దింది. మాస్టారి తండ్రిగారు పెళ్ళయిన కొత్తలో గుంటూరులో కొన్నదట. నేను నిలువునా వణికిపోతూ ప్లేటు చేతిలో పట్టుకుని నిలుచుంటే, మాస్టారు దాన్ని తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా, "దుర్యోధనుడు ఎంత కష్టపడ్డా లక్క ఇంట్లో పాండవులను కాల్చలేకపోయాడురా. నువ్వు చిటికెడు స్పిరిటుతో వాళ్ళ రాయబారాన్నే కాల్చేశావు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ప్లేటును ఆయన పారేయలేదు. కవరులో పెట్టి బీరువాలో దాని చోట దాన్ని ఉంచి, కవరు మీద 'లక్క ఇల్లు' అని పెన్సిలుతో రాశారు.

ఆ పద్యం మీద బెంగతోనో, నా బెంగ తీర్చడానికోగాని, దసరా సెలవుల్లో ఆయన ఒక పెద్దాయనను ఇంటికి పిలిపించారు. దివిసీమ పల్లెల్లో ముప్పయ్యేళ్ళ పాటు కృష్ణుడి వేషం కట్టిన మనిషి. అప్పటికి డెబ్బయి దాటి ఉంటాయి. పొడుగ్గా, వంగకుండా నడిచేవారు. కండువా సర్దుకునే తీరులోనే కిరీటం సర్దుకున్న అలవాటు కనిపించేది. మాస్టారు నా నేరాన్ని వివరించి లక్క ప్లేటు చూపించగా, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పోనిద్దురూ, పోయింది మూడు నిమిషాలేగా" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ రోజు మధ్యాహ్నం తగువు మొదలైంది.

ఆయన వాదన ఇదీ. నాటకాల రోజుల్లో రంగస్థలం మీద పద్యం అంటే ముందు రాగం, తరువాత పద్యం, చివరి పాదం దగ్గర మళ్ళీ రాగం. జనం ఒన్స్ మోర్ అంటే మొత్తం మళ్ళీ మొదటి నుంచి. రాత్రి పదింటికి మొదలైన రాయబారం తెల్లవారేదాకా సాగేది అందుకే. పది అంగుళాల ప్లేటుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. అందుచేత కంపెనీవాళ్ళు గడియారం పెట్టుకుని కూర్చుని, నటుణ్ణి గొట్టం ముందు నిలబెట్టి, రాగం తెగ్గొట్టి, పద్యాన్ని తరిమి తరిమి పాడించారు. తరువాత ఆ ప్లేట్లు విని పెరిగినవాళ్ళకు పద్యం అంటే అంతే కాబోలు అనిపించింది. చివరికి నాటకాల్లో కూడా పద్యం ప్లేటంత పొట్టిదైపోయింది. "నీళ్ళ తొట్టి చూపించి ఇదే కృష్ణమ్మ అన్నట్టుంది" అని ముగించారు.

క్యాషియరు గారు ఊరుకోలేదు. మైలవరం నాటక కంపెనీలో పాడి, తక్కువ వయసులోనే కన్నుమూసిన కపిలవాయి రామనాథశాస్త్రి గారి గొంతు ఈ రోజు మనకు తెలిసింది ఆ నీళ్ళ తొట్టి వల్లనే కదా అన్నారు. ఆయన పాట ప్రత్యక్షంగా విన్నవాళ్ళు ఎందరో గొప్పగా చెప్పుకున్నారు కాని, చెప్పుకున్నవాళ్ళతో పాటే ఆ చెప్పుకోవడమూ పోతుంది, ప్లేటు మిగులుతుంది అని వాదించారు. పెద్దాయన ఒప్పుకోలేదు. స్థానం నరసింహారావు గారు శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా 'మీరజాలగలడా' పాడినప్పుడు తాను కుర్రవాడిగా ఎదుట కూర్చుని చూశానని, ఆ ఒక్క పల్లవిని ఆయన గర్వంగా ఒకసారి, బేలగా ఒకసారి, పరిహాసంగా ఒకసారి పాడుతూ అభినయిస్తుంటే ఆడవాళ్ళు కూడా ఆయన నడక నేర్చుకోవాలనుకున్నారని చెప్పారు. "మీ ప్లేటులో ఎన్ని సత్యభామలున్నారు? ఒక్కతే" అన్నారు. 1966 నాటి సినిమాలో సుశీల గారు పాడిన ఆ పాటను అమ్మగారు ఎంతో ఇష్టంగా పాడుకునేవారు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆ ఒక్క సత్యభామైనా లేకపోతే మావంటివాళ్ళకు ఆ పాట ఎవరు నేర్పుతారండీ?" అన్నారు. దానికి మాత్రం పెద్దాయన తల ఊపారు.

అప్పుడు మాస్టారు అందుకున్న వాదం నాకు ఈ నలభై ఏళ్ళలో పాతబడలేదు. సాలూరి రాజేశ్వరరావు గారు కుర్రవాడుగా ఉన్నప్పుడు పాడిన లలితగీతాలు, 'పాట పాడుమా కృష్ణా', 'చల్లగాలిలో యమునాతటిపై' వంటివి తీసుకోండి అన్నారు. ఆ పాటలకు నాటకం లేదు, సినిమా లేదు, కచేరీ లేదు. అవి ప్లేటు కోసమే పుట్టాయి. ప్లేటే వాటికి పుట్టిల్లు, మెట్టినిల్లు. మూడు నిమిషాలే ఉన్నాయి కాబట్టి ఆ మూడు నిమిషాల్లో ఏం చేయాలో ఆలోచించి, పల్లవి ఎక్కడ మలుపు తిరగాలో, వాద్యం ఎన్ని క్షణాలు ఉండాలో తూచి కట్టారు. కందపద్యంలో అన్ని గణాలే పడతాయని తిక్కన గారు ఏడ్చారా? అలాగే ఇది కూడా ఒక ఛందస్సు. మీ పద్యాన్ని ఆ ఛందస్సులో కుదించినందుకు మీకు కోపం వచ్చింది, న్యాయమే. కాని ఆ ఛందస్సులోనే పుట్టినవాటిని కుదించారని అనలేం కదా.

రేడియో మెకానిక్కు గారికి ఈ మాట బాగా నచ్చింది. ఘంటసాల గారి పద్యాలు కూడా అంతేనని ఉత్సాహంగా కలిపారు. కరుణశ్రీ పుష్పవిలాపాన్ని ఆయన పాడిన పద్ధతిలో రాగం పద్యాన్ని మింగదు, ప్రతి పదం చెవికి విడివిడిగా తగులుతుంది, మైకుకు ఎంత దూరంలో నిలబడి ఏ మాటను ఎంత మెల్లగా అనాలో తెలిసిన మనిషి పాడిన పాట అది, పందిట్లో చివరి వరుసకు వినిపించాలని పాడింది కాదు అన్నారు. పెద్దాయన ఇందుకు ఎదురు చెప్పకపోగా, ఆశ్చర్యంగా, "ఘంటసాల మాటెత్తకండి. ఆయన పద్యం పాడేసరికి మా దుకాణాలు మూతపడ్డాయి" అని నవ్వారు. ఆ నవ్వులో నొచ్చుకోవడం ఎంత ఉందో, మెచ్చుకోవడం ఎంత ఉందో నేను ఇప్పటికీ విడదీయలేను.

ఆ ఊపులో క్యాషియరు గారు తాను తరచుగా ఆడించే ఆట మొదలుపెట్టారు. ఉన్నట్టుండి వరద వచ్చింది, చేతికి ఒకే ఒక్క ప్లేటు అందుతుంది, ఏది పట్టుకుపోతారు? ఎవరి జవాబు వారు చెప్పాం. తానైతే కపిలవాయి ప్లేటు అని ఆయనే ముందు చెప్పుకున్నారు. మెకానిక్కు భగవద్గీత ఎల్పీ అన్నారు. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు, ఆ రికార్డు బయటికి వచ్చింది ఆ తరువాతే, ఆరోగ్యం చెడిన మనిషి గొంతులో అంత నిబ్బరం ఎలా నిలిచిందో వినడానికే అది దాచుకోవాలి అన్నారు. (ఆ గీత ఈనాడు శవయాత్ర బళ్ళ మీద మోగే గుర్తుగా మిగిలిపోయి, ఇంట్లో పెడితే ఎవరు పోయారని పక్కవాళ్ళు అడిగే స్థితి రావడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. యుద్ధం చేయమని చెప్పిన మాటలవి.) అమ్మగారు తనకు ప్లేటు అక్కర్లేదని, నోటుపుస్తకాలు పట్టుకుపోతానని అన్నారు. నేను శంకరాభరణం క్యాసెట్టు అనగానే అందరూ నవ్వారు. వరదలో తేలేది అదొక్కటే కాబట్టి కుర్రవాడు తెలివైనవాడే అని మాస్టారు నా పరువు కాపాడారు.

పెద్దాయన వంతు వచ్చింది. ఆయన కాసేపు కండువా కొంగు చూసుకున్నారు. "నా దగ్గరా ఉండేవి నాయనా, ఒక పెట్టె, ఇరవై ముప్పయి ప్లేట్లు. డెబ్బయ్యేడు ఉప్పెనలో నేను ప్లేటు పట్టుకోలేదు, తాడిచెట్టు పట్టుకున్నాను" అన్నారు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమను సముద్రం ముంచెత్తిన సంగతి ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. ఆయన ఊరు ఎక్కడో తెలిసి కూడా ఆ ఆట ఆడినందుకు క్యాషియరు గారి ముఖం పాలిపోయింది. పెద్దాయనే ఆ బిగువు సడలించారు. నీరు తీసిన తరువాత తన ఇంటి చోట బురదలో కాలికి ఒక ప్లేటు ముక్క తగిలిందని, దాని మీద హెచ్.ఎం.వి. లేబులులోని కుక్క బొమ్మ సగం మాత్రం మిగిలి ఉందని, గొట్టం లేకుండా ఒట్టి కుక్క ఏం వింటున్నట్టో అర్థం కాక అక్కడే నవ్వు వచ్చిందని చెప్పారు. ఇంట్లో ఎవరెవరు పోయారో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

తరువాత ఆయన తానుగా హార్మోనియం అడిగారు. మాస్టారి ఇంట్లో హార్మోనియం ఉంది, అమ్మగారిది. నా పక్కన మెకానిక్కు గారు తెచ్చిన టూ-ఇన్-వన్, అంటే రేడియో, టేపురికార్డరు కలిసిన పెట్టె, ఉంది, అందులో అరవై నిమిషాల క్యాసెట్టు ఉంది. పెద్దాయన మాటలు పోగొట్టుకోకూడదని మధ్యాహ్నం నుంచే అప్పుడప్పుడూ మీట నొక్కి ఎక్కిస్తూ వచ్చాను. ఆయన 'జెండాపై కపిరాజు' మొదలుపెట్టేసరికి మొదటి వైపు ఎంత టేపు మిగిలిందో చూసుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. చిన్న కిటికీలోంచి చూస్తే తెలిసేదే. ఎవరు చూస్తారు?

మోహనలో రాగం అందుకున్నారు. గొంతులో వయసు తెలుస్తూనే ఉంది. పై షడ్జం దగ్గర కాస్త బీటవారింది. అయినా ఆయన తొందరపడలేదు. ఒక్కో మెట్టు ఎక్కి, అక్కడ కూర్చుని, చుట్టూ చూసి, తరువాతి మెట్టు ఎక్కినట్టు పాడారు. సినిమాల్లో, ప్లేట్లలో ఆ పద్యం ఎన్నోసార్లు విన్న నాకు, పద్యం ఇంకా మొదలే కాకుండా కురుక్షేత్రం కనిపించడం అదే మొదలు. రథం కదలకముందే గుర్రాలు సకిలిస్తున్నట్టుంది. ఆ తరువాత పద్యం ఎత్తుకున్నారు. ఎదురుగా ఉన్న మమ్మల్ని కాక, మా వెనక ఎక్కడో నిండు పందిట్లో చిట్టచివరి మనిషిని చూస్తూ పాడారు. ఫ్యాను చప్పుడు, వీధిలో జామకాయలు అమ్మే మనిషి కేక, మాస్టారి "ఆహా" అన్నీ ఆ టేపులో ఉన్నాయి. రాగం ఒక్కటే ఆరు నిమిషాల నలభై సెకన్లని నేను తరువాత కొలిచాను. అంటే ఒక ప్లేటు రెండు వైపులూ నిండి, ఇంకా పద్యంలో మొదటి మాట రానట్టే.

ఆ క్యాసెట్టు ఈ రోజు నా దగ్గర ఉంది. ఎక్కించిన రాత్రే దాని వెనక ఉండే రెండు చిన్న రెక్కలు విరిచేశాను, పొరపాటున ఎవరూ దాని మీద మరో పాట ఎక్కించకుండా. మాస్టారు పోయాక బీరువాలోని ప్లేట్లను అమ్మగారు క్యాషియరు గారికి ఇచ్చారు, 'లక్క ఇల్లు' ఒక్కటి మాత్రం నాకు ఇచ్చారు. 2009లో మెకానిక్కు గారి కొడుకు సాయంతో ఆ టేపును కంప్యూటరులోకి మార్చాను. తెల్లటి బూజు పట్టిన చోట్ల ధ్వని కాస్త మసకబారింది. ఆయన తండ్రి నేర్పిన మర తిప్పే విద్యతోనే చాలావరకు తేటపడింది. ఆ మధ్య హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారపు సంతలో పాత ప్లేట్లు అమ్మేవాడి దగ్గర రాయబారం పద్యాల ప్లేటు కనిపించి ధర అడిగితే, నా మొదటి నెల జీతం కంటే ఎక్కువ చెప్పాడు. ఆ మాట చెప్పడానికి క్యాషియరు గారికి ఫోను చేశాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, నల్ల పుస్తకం మనవరాలి చేత టైపు చేయిస్తున్నారు. "మరి మన టేపుకు ఎంత పెట్టొచ్చండీ?" అని సరదాకు అడిగాను. ఆయన నిజంగానే ఆలోచించి, "పాడినాయన పేరు బయట ఎవరికీ తెలియదు, లేబులు లేదు, నంబరు లేదు, ఫ్యాను చప్పుడు, జామకాయల కేక. పైసా రాదోయ్" అన్నారు. వెంటనే, "నాకు ఇంకో కాపీ పంపు, పాతది మా అబ్బాయి ఎక్కడో పెట్టాడు" అన్నారు.

మా ఇద్దరికీ మిగిలిన తగువు మరొకటి ఉంది. పద్యం చివరి పాదం మీద పెద్దాయన మళ్ళీ రాగంలోకి వెళ్ళినప్పుడు, మోహన వదిలి కళ్యాణి తాకి వచ్చారని క్యాషియరు గారంటారు. కాదు, మోహనలోనే పై స్థాయికి వెళ్ళి నిలిచారని నేనంటాను. అమ్మగారు ఉండగా అడిగితే ఆవిడ పాడి చూపించింది మూడో రకం. టేపు వింటే తేలేదే కాని, సరిగ్గా ఆ చోట మొదటి వైపు అయిపోయింది. టక్కున మీట పైకి లేచింది. నేను గబగబా క్యాసెట్టు తీసి, తిప్పి, పెట్టి, నొక్కేసరికి, టేపు మొదట్లో ఏమీ పట్టని తెల్లటి ముక్క దాటేసరికి, పద్యం అయిపోయింది. రెండో వైపు మొదట్లో వినిపించేది హార్మోనియం శ్రుతి మెల్లగా ఆగడం, మాస్టారు గొంతు సవరించుకోవడం, ఆ వెంటనే నవ్వుతో పెద్దాయన మాట:

"ఏం నాయనా, నీ ప్లేటూ అయిపోయిందా?"